గాలిగొట్టం మార్చేవారికి గట్టి సలహాలు

ముందుగా బానెట్ ఎత్తి, లోపల ఓ మూల కూర్చున్న నల్ల ప్లాస్టిక్ డబ్బాను మనసారా అసహ్యించుకోండి. ఎయిర్ ఫిల్టరు ఉండేది అందులోనే. ఇంజిన్ వేడి తగలకుండా హెడ్‌లైటు వెనక నుంచో, గ్రిల్లు పైనుంచో చల్లటి గాలి పీల్చుకునేలా దానికి మూతి పెట్టారనీ, గొట్టానికి అతికించిన ఆ పనికిమాలిన బుడిపె శబ్దాన్ని మింగడానికే ఉందనీ ఎవరైనా చెబితే వినకండి. కంపెనీ ఇంజినీర్లు జీతం కోసం పనిచేస్తారు, మీరు అభిరుచి కోసం చేస్తున్నారు. పైగా అర్ధరాత్రి చూసిన వీడియోలో ఆ కుర్రాడు ఖరాఖండిగా చెప్పాడు కదా, కంపెనీవాళ్లు కావాలనే ఇంజిన్ గొంతు నొక్కి అమ్ముతారని!

దుకాణానికి బయల్దేరే ముందు లెక్కలు వేసుకోవద్దు. వేస్తే సరదా చచ్చిపోతుంది. టర్బో లేని 1.2 లీటర్ల ఇంజిను రెండు చుట్లకు ఒకసారి కడుపు నింపుకుంటుంది. 6000 ఆర్‌పీఎం దగ్గర నిమిషానికి మహా అయితే 3600 లీటర్ల గాలి. శుభ్రమైన కాగితం ఫిల్టరు ఉన్న కంపెనీ డబ్బా ఆ గాలిని పెద్దగా ఆయాసపడకుండానే ఇస్తుంది. పంజాగుట్ట సిగ్నల్లో ఫస్టు గేరు, సెకండు గేరు మధ్య బతికే కారు 6000 ముఖం ఎన్నడు చూస్తుందన్నది అసందర్భపు ప్రశ్న. దుకాణదారు మైలేజీ కూడా పెరుగుతుందంటాడు, నమ్మండి. 2009లో అమెరికా ఇంధన శాఖ కోసం ఓక్ రిడ్జ్ జాతీయ ప్రయోగశాల వాళ్లు కార్ల ఫిల్టర్లను కావాలని మూసుకుపోయేలా చేసి నడిపి చూశారు. ఇంజెక్షన్ కార్లలో మైలేజీ చెప్పుకోదగ్గంతగా పడిపోలేదు, పికప్ మాత్రమే తగ్గింది. గాలి తగ్గితే కంప్యూటరు పెట్రోలూ తగ్గిస్తుంది కాబట్టి. అంటే నిండా దుమ్ము పట్టిన ఫిల్టరు తీసేస్తేనే రాని మైలేజీ, బాగున్న ఫిల్టరు తీసేస్తే మీకు రావాలి. రాకపోతే ఎందుకు రాలేదని ఫిల్టరునే అడగండి.

కొనేటప్పుడు రంగును బట్టి కొనండి. ఎరుపు వేగం, నీలం అందం. బానెట్ కింద బోర్లా పడుకునే శంకువు ఆకారపు ఫిల్టరు, మెరిసే అల్యూమినియం గొట్టం, రెండు క్లాంపులు, ఒక స్టిక్కరు. ఈ నాలుగింటిలో కారు వేగాన్ని నిజంగా పెంచేది స్టిక్కరే, అది కూడా చూసేవాళ్ల మనసులో. ఆ శంకువుకు ఏ మూతా, ఏ తెరా లేకుండా రేడియేటరు వెనకే బిగించండి. మే నెలలో బయట 42 డిగ్రీలుంటే, ట్రాఫిక్‌లో ఆగిన బండి బానెట్ కింద గాలి 65 దాటడం పెద్ద విషయం కాదు. ఆ వేడికి గాలి పల్చబడి, అదే ఘనపరిమాణంలో దాదాపు ఏడు శాతం తక్కువ బరువు తూగుతుంది. గాలి ఎక్కువ పీల్చడానికని పెట్టిన కిట్టు గాలిని తక్కువ చేస్తోందన్నమాట. సౌండు మాత్రం నిజంగానే బాగుంటుంది. ఆ ఒక్క విషయంలో నేను కిట్టు అమ్మేవాళ్ల పక్షం. థ్రాటిల్ తొక్కినప్పుడు వచ్చే ఆ గుర్రుమనే ధ్వని కోసమే డబ్బు పెట్టానని ఒప్పుకునేవాళ్లను చూస్తే నాకు గౌరవం. కానీ ఒప్పుకోకండి. "రెస్పాన్స్" అనండి.

ఇక మీ అసలు శత్రువును గుర్తుపట్టాలి. ఫిల్టరు డబ్బా దాటగానే గొట్టంలోకి దిగి ఉండే బొటనవేలంత ప్లాస్టిక్ ముక్క, దానికి నాలుగైదు వైర్ల సాకెట్. ఎయిర్ ఫ్లో సెన్సరు అంటారు, షెడ్డుల్లో ముద్దుగా మాఫ్. ఇంజినులోకి వెళ్లే గాలికి లెక్క రాసే గుమాస్తా ఇతనే. లోపల వెంట్రుకంత ప్లాటినం తీగో, పల్చటి పొరో ఉంటుంది. దాన్ని కరెంటుతో, వచ్చే గాలి కంటే ఎప్పుడూ ఒకే మేరకు ఎక్కువ వేడిగా ఉంచుతారు. గాలి వీచిన కొద్దీ అది చల్లారబోతుంది. చల్లారకుండా నిలబెట్టడానికి ఎంత కరెంటు పట్టిందో దాన్నిబట్టి ఎంత గాలి వెళ్లిందో తెలుస్తుంది. లీటరున్నర ఇంజిను ఐడ్లింగులో సెకనుకు పీల్చేది రెండు గ్రాముల చుట్టుపక్కల గాలి. ఆ రెండు గ్రాముల్నీ తూచి చెప్పగలడు ఈ మహానుభావుడు. ఆ అంకె పట్టుకునే ఇంజిన్ కంప్యూటరు, అంటే ఈసీయూ, గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి అన్న లెక్కన ఇంజెక్టర్లను తెరుస్తుంది. ఇరవై శాతం ఇథనాల్ కలిసిన మన బంకు పెట్రోలుకు ఆ నిష్పత్తి ఇంకా కిందే.

చాలా చిన్న పెట్రోలు కార్లలో అసలీ సెన్సరే ఉండదు. మానిఫోల్డులో పీడనమెంత, గాలి వేడెంత అని చూసి ఈసీయూ తనే లెక్క కడుతుంది. మీ కారు ఆ కోవదైతే కిందున్న వినోదంలో సగం మీకు దక్కదు, వేడిగాలీ సౌండూ మాత్రమే మిగులుతాయి. అయినా నిరాశపడకండి. దుకాణంలో మాఫ్ సెన్సరు క్లీనరు డబ్బా మీకూ అమ్ముతారు.

సెన్సరు ఉన్నవాళ్లు శ్రద్ధగా చదవండి. ఈ గుమాస్తా గొట్టం మొత్తాన్ని చూడడు. తన మూతి ముందు నుంచి పోయే పాయ ఒక్కదాన్నే కొలుస్తాడు. గొట్టం ఇంత వెడల్పని కంపెనీవాళ్లు ముందే చెప్పి పెట్టారు కాబట్టి మిగతాది ఆ మాట మీదే లెక్క తేలుతుంది. మీ ప్రతిభకు చోటున్నది ఇక్కడే. సెన్సరు కూర్చునే చోట 60 మిల్లీమీటర్ల గొట్టం తీసేసి 70 మిల్లీమీటర్లది బిగించండి. పది మిల్లీమీటర్లే కదా అనుకుంటారు గానీ వైశాల్యం 36 శాతం పెరిగిపోయింది. అదే గాలి వెడల్పైన దారిలో తాపీగా నడుస్తుంది. సెన్సరు ముందు వేగం తగ్గింది కాబట్టి, లోపలికి నూరు గ్రాములు పోతే పుస్తకంలో 73 అని పడుతుంది. పెద్ద పైపు పెడితే ఎక్కువ గాలి అన్న దుకాణదారు అబద్ధమాడలేదు. ఎక్కువే పోవచ్చు, లెక్కలోకి మాత్రం తక్కువే వస్తుంది. ఈసీయూ 73కు సరిపడా పెట్రోలు పోస్తుంది.

ఇంకా కసి ఉంటే సెన్సరును వంపు తిరిగిన వెంటనే పెట్టండి. గాలి ఒక గోడను ఒరుసుకుంటూ పోయి సెన్సరుకు ఒకసారి ఎక్కువగా, ఒకసారి తక్కువగా తగులుతుంది. ఐడ్లింగు ఆరొందలకు దిగి పదకొండొందలకు లేస్తూ ఊగుతుంది. సెన్సరు ముందు తేనెపట్టులా కనిపించే జాలీ ఉంటే స్క్రూడ్రైవరుతో పొడిచి తీసేయండి. సుడులు తిరిగే గాలిని సర్ది పంపడానికి పెట్టిందది. మన దృష్టిలో మాత్రం అడ్డు. సెన్సరు మీద గాలి పోవలసిన దిక్కుకు బాణం గుర్తు ఉంటుంది. దాన్ని డిజైన్ అనుకోండి.

బిగించాక మొదటి వారం స్వర్గమే. కారు నిజంగానే చురుగ్గా అనిపిస్తుంది, ఇందులో భ్రమ లేదు. ఎందుకో తెలుసుకుంటే సంతోషం తగ్గుతుంది, అయినా చెబుతాను. గాలి తక్కువ వస్తోందని నమ్మిన ఈసీయూ, ఇంజిను మీద బరువు తక్కువుందనుకుని స్పార్కును ముందుకు జరుపుతుంది. ఫుల్ థ్రాటిల్లో కంపెనీవాళ్లు మిశ్రమాన్ని కావాలనే కొంచెం చిక్కగా ఉంచుతారు, ఎక్కువైన పెట్రోలు పిస్టన్లను చల్లబరుస్తుందని. మీ దొంగలెక్క ఆ చిక్కదనాన్ని కాస్త పల్చన చేసింది, దాంతో లాగుడు కొంచెం పెరిగింది. అంటే మీరు అనుభవిస్తున్న పికప్ కిట్టుది కాదు, కంపెనీవాళ్లు ఇంజిను ఆయుష్షు కోసం దాచిపెట్టిన జాగ్రత్తది. దాన్ని ఖర్చు పెట్టేస్తున్నారు, కానివ్వండి.

మామూలు నడకలో మాత్రం ఒక చాడీకోరు ఉన్నాడు. సైలెన్సరు గొట్టంలో ఉండే ఆక్సిజన్ సెన్సరు పొగను వాసన చూసి, పెట్రోలు చాలలేదని ఈసీయూకు మోసేస్తుంది. ఈసీయూ కొద్దికొద్దిగా పెట్రోలు కలుపుతూ పోతుంది. స్కానరు పెడితే ఫ్యూయల్ ట్రిమ్ అన్నచోట ప్లస్ 12, ప్లస్ 18 అని కనిపిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న బండిలో అది సున్నాకు అటూ ఇటూ తిరుగుతుంది, పది దాటిందంటే కారణం వెతకాలి. మీరు వెతకొద్దు, ప్లస్ అంటే మంచిదే అనుకోండి. చాలా బండ్లలో పాతిక చేరేసరికి ఈసీయూ చేతులెత్తేసి పీ0171 అనే కోడు రాసి, డాష్‌బోర్డు మీద పసుపు రంగు ఇంజిను బొమ్మ వెలిగిస్తుంది. అప్పటికి మీరు మెకానిక్ దగ్గరికి వెళ్తారు. ఆయన బానెట్ ఎత్తి, ఎర్ర శంకువును చూసి, చూడనట్టు నటించి అంటాడు:

"ఏం గాదు తమ్మీ. కొత్తగ పెట్టినవ్ గదా, సెట్ అయితది. ఎరేజ్ కొడ్త, తీస్కపో."

ఎరేజ్ కొట్టించండి. స్కానరు లేకపోతే బ్యాటరీ టెర్మినల్ పీకి పది నిమిషాలాగి పెట్టినా సరే. ఈసీయూ ఇన్నాళ్లూ కష్టపడి నేర్చుకున్న సవరింపులన్నీ తుడిచిపెట్టుకుపోతాయి, లైటు ఆరిపోతుంది. మర్నాడు పొద్దున చల్లటి ఇంజిను స్టార్టు చేయగానే దగ్గి ఆగిపోతుంది, ఎందుకంటే ఆ సవరింపులే దాన్ని నిలబెడుతున్నాయి. రెండు మూడు రోజులు తిరిగేసరికి మళ్లీ అన్నీ నేర్చుకుని, మళ్లీ అదే లైటు వెలిగిస్తుంది. మళ్లీ ఎరేజ్ కొట్టించండి. ఇలా నెలల తరబడి నడిపినవాళ్లున్నారు.

ఆ లైటు కన్నా ఆసక్తికరమైన చోటు ఒకటుంది. పెడల్ అడుగంటా తొక్కినప్పుడు చాలా కార్లలో ఈసీయూ ఆ ఆక్సిజన్ సెన్సరు మాట అప్పటికప్పుడు వినదు, గుమాస్తా పుస్తకాన్నే నమ్ముకుని పెట్రోలు పోస్తుంది. అవుటర్ రింగ్ రోడ్డు ఎక్కి, మిత్రులకు చూపించాలని తొక్కిన ఆ క్షణంలోనే, అంటే గాలి లెక్క అన్నిటికన్నా ముఖ్యమైన సమయంలోనే, తప్పును పట్టే నాథుడు ఉండడు. అప్పుడే ఇంజిన్ బ్లాకు టకటకలాడుతుంది. నాక్ సెన్సరు అది విని స్పార్కును వెనక్కి లాగుతుంది, పికప్ చచ్చిపోతుంది. పాట వాల్యూమ్ పెంచి, ఇంకాస్త తొక్కండి.

ఇప్పుడు నూనె సంగతి. ఉతికి మళ్లీ వాడుకునే కాటన్ ఫిల్టర్లు నూనెతోనే పనిచేస్తాయి, దారాలకు పట్టిన నూనె దుమ్మును అంటించుకుంటుంది. 1969లో కాలిఫోర్నియాలోని రివర్‌సైడ్‌లో పుట్టిన కే అండ్ ఎన్ లాంటి కంపెనీలు ఎలా ఉతకాలో, ఎంత నూనె వేయాలో కాగితం మీద రాసే ఇస్తాయి. లోపలి వైపు నుంచి బయటికి మెల్లగా నీళ్లు పోయాలి, దానంతటదే ఆరనివ్వాలి, మడతల మీద పల్చగా నూనె వేసి పీల్చుకునేదాకా ఆగాలి. ఆ కాగితంతో అద్దం తుడుచుకోండి. వాటర్ సర్వీసింగ్ దగ్గర ప్రెషర్ గన్ను పెట్టి కొట్టించండి, దారాలు విడిపోయి దారి బాగా ఖాళీ అవుతుంది. తర్వాత ఇంట్లో మిగిలిన ఇంజిన్ ఆయిల్ ధారగా పోసి, కారుతుండగానే బిగించండి. ఎక్కువైన నూనె తుంపరలై గాలితో పోయి సెన్సరు పొర మీద కూర్చుంటుంది. దాని మీద చీమకుర్తి వైపు గ్రానైటు లారీల వెనక మీరు నడిచిన ప్రతి కిలోమీటరు దుమ్మూ వచ్చి అంటుకుంటుంది. దుప్పటి కప్పుకున్న గుమాస్తాకు చలి తెలియదు. ఐడ్లింగులో ఉన్నదానికన్నా ఎక్కువ, రేసు పెంచితే ఉన్నదానికన్నా తక్కువ చెప్పడం మొదలుపెడతాడు. బండి ఆగి ఉన్నప్పుడు పెట్రోలు వాసన, పరిగెత్తేటప్పుడు లాగుడు లేకపోవడం, ఒకే జబ్బుకు రెండు ముఖాలు. మెకానిక్ ఒక ముఖానికి ఇంజెక్టర్లు, రెండో ముఖానికి ఫ్యూయల్ పంపు మారుస్తాడు. మార్పించండి.

సెన్సరును శుభ్రం చేయాలన్న ఆలోచన వస్తే చూపుడువేలు వాడండి. వేలు పట్టకపోతే చెవులు తుడుచుకునే దూదిపుల్ల. అదీ లేకపోతే పంక్చరు షాపు కంప్రెసరు, లేదా కార్బురేటర్ క్లీనరు. ఆ పనికే తయారుచేసిన స్ప్రేను దూరం నుంచి కొట్టి, దేన్నీ తాకకుండా పూర్తిగా ఆరాకే సాకెట్ పెట్టడం పిరికివాళ్ల పద్ధతి. వెంట్రుకంత తీగ మీద దూదిపుల్ల తిప్పినప్పుడు కలిగే ధైర్యం అందులో ఎక్కడిది?

గొట్టాలన్నీ మార్చాక చేతిలో ఒక సన్నటి రబ్బరు పైపు మిగిలిపోతుంది. పాత గొట్టానికి దాన్ని తగిలించే మూతి ఉండేది, కొత్తదానికి లేదు. ఇంజిన్ లోపలి ఆవిర్లను మళ్లీ గాలిగొట్టంలోకి పంపే బ్రీదరు పైపు అది. అలాగే వేలాడదీయండి. ఇంజిను గదిలో నూనె వాసన, పెద్దల కళ్లలో నీళ్లు. ఇంకో మేలేమిటంటే, సెన్సరు దాటాక ఎక్కడ సందు దొరికినా గాలి లెక్కలోకి రాకుండా లోపలికి దూరుతుంది. అందుకే సెన్సరుకూ థ్రాటిల్ బాడీకీ మధ్యనున్న క్లాంపును సగమే బిగించండి. గతుకుల్లో ఇంజిను ఊగినప్పుడల్లా ఆ సందు తెరుచుకుని మూసుకుంటుంది, బండి ఒక్కోసారి జర్కులిస్తుంది. "ఒక్కోసారి" అన్న మాటకున్న విలువ షెడ్డువాళ్లకే తెలుసు, మీరు వెళ్లినప్పుడు మాత్రం రాదు. టర్బో కార్లవాళ్లు దీన్నే తిరగేసి, గాలిని బయటికి వదిలే బ్లో ఆఫ్ వాల్వు పెట్టుకోవచ్చు. సెన్సరు లెక్క రాసేసిన గాలి గేరు మార్చినప్పుడల్లా ఉస్సుమని వీధిపాలవుతుంది, దానికి పోసిన పెట్రోలు మాత్రం ఇంజిన్లోనే ఉంటుంది. నల్లపొగ ఎగజిమ్ముతుంది, సిగ్నల్లో ఆగిపోతుంది. ఆ ఉస్సు కోసం కాలేజీ పిల్లలు వెనక్కి తిరిగి చూస్తారు కాబట్టి ఖర్చు గిట్టుబాటే.

డీజిలు బండివాళ్లకు వేరే దారి. అక్కడ సెన్సరు ముఖ్యంగా చూసుకునేది రెండు పనులు: పొగ రాకుండా డీజిలుకు హద్దు పెట్టడం, ఈజీఆర్ ద్వారా కాలిన గాలిని ఎంత తిప్పి పంపాలో లెక్కచూడటం. మురికిపట్టి తక్కువ చెబితే ఆ హద్దు కిందికి దిగి బండి చతికిలపడుతుంది. అనుభవజ్ఞుడైన మేస్త్రి సాకెట్ పీకేసి "ఇప్పుడు నడిపి చూడు" అంటాడు. నడుస్తుంది కూడా, ఈసీయూ ముందే రాసిపెట్టుకున్న అంకెలతో పనిచేస్తుంది కాబట్టి. సెన్సరు చెడిందని తేల్చుకునే పరీక్ష అది. మీరు దాన్ని వైద్యంగా స్వీకరించి, పీకిన సాకెట్‌ను టేపుతో చుట్టి అలాగే తిరగండి. బీఎస్ 6 బండి అయితే పొగలోని మసిని పట్టే డీపీఎఫ్‌లో ఆ మసి కాలక, ఓ రోజు హైవే మీద పవర్ తగ్గించేసి తనే మిమ్మల్ని షోరూముకు నడిపిస్తుంది.

బానెట్ కింద వేడిగాలి అన్న మాట మీ మనసులో గుచ్చుకుని ఉంటే కోల్డ్ ఎయిర్ కిట్టు తీసుకోండి. గొట్టాన్ని బంపరు వెనక, రోడ్డుకు మూరెడు ఎత్తుకు దింపుతారు. చల్లటి గాలి మాట నిజమే, ఎండాకాలమంతా పండగే. వాన మాట ఎత్తొద్దు. 2020 అక్టోబరులో హైదరాబాదు, 2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు పొంగి విజయవాడ, కంపెనీ డబ్బాలున్న కార్లనే ముంచేశాయి. మీ గొట్టానికి అంత వరద అక్కర్లేదు, రైల్వే అండర్‌పాసులో నిలిచిన వాననీళ్లు చాలు. నీళ్లను గాలిలా నొక్కలేం కాబట్టి పైకొచ్చే పిస్టను గోడను గుద్దుకున్నట్టే. బండి నీళ్లలో ఆగిపోగానే వెంటనే సెల్ఫ్ కొట్టండి. ఆగకుండా కొట్టండి. మొదటిసారికి వంగని కనెక్టింగ్ రాడ్ నాలుగోసారికైనా వంగుతుంది. బీమావాళ్లు ఇంజిన్ ప్రొటెక్ట్ ఉందా అని అడుగుతారు. ఆ తర్వాత ఈ గొట్టం ఎక్కడిదని అడుగుతారు.

చట్టం గురించి రెండు ముక్కలు చాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చవద్దంటుంది. 2019 సవరణతో వచ్చిన 182ఏ ప్రకారం అనుమతిలేని ఒక్కో మార్పుకు యజమానికి అయిదు వేల రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. కానిస్టేబులుకు కనిపించేది సైలెన్సరే కానీ మాఫ్ సెన్సరు కాదన్న ధైర్యంతో ఉండండి. ఫ్రీమాంట్‌లో ఉన్న మీ బావమరిదికి మాత్రం ఈ సలహాలు పంపకండి. కాలిఫోర్నియాలో స్మాగ్ చెక్‌కు వెళ్తే బానెట్ ఎత్తి చూస్తారు. కిట్టుకు అక్కడి ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఇచ్చిన ఈఓ నంబరు లేకపోతే, పొగ ఎంత శుభ్రంగా ఉన్నా ఫెయిలే.

పాత ప్లాస్టిక్ డబ్బాను బిగించిన రోజే ఇనుపసామాన్ల బండికి వేసేయండి. అటక మీద దాస్తే ఏదో ఒక రోజు మళ్లీ పెట్టుకోవాలన్న దుర్బుద్ధి పుడుతుంది. పెట్టాలనుకున్నా, అప్పుడు రాణీగంజ్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో అదే మోడలు డబ్బా, అదే మూతి, అవే క్లిప్పుల కోసం రెండు మూడు పూటలు తిరగొచ్చు. కిట్టుకు పెట్టిన డబ్బులో సగానికి దొరికిందంటే మీ అదృష్టం.

చివరికి కారు అమ్మకానికి పెడతారు. ప్రకటనలో "స్పోర్ట్స్ ఇన్‌టేక్, పికప్ సూపర్, లేడీ డ్రివెన్" అని రాసి, ముందు రోజు రాత్రి ఎరేజ్ కొట్టించండి. అన్ని కోడ్లూ పోతాయి కానీ ఈసీయూ తన సొంత పరీక్షలు మళ్లీ పూర్తిచేసేదాకా స్కానరులో "నాట్ రెడీ" అనే చూపిస్తుంది. నిన్ననే తుడిచారని తెలిసినవాడికి అర్థమైపోతుంది. కాబట్టి ఫోన్లో మాట్లాడేటప్పుడే, బండి చూడటానికి వచ్చేవాడు వెంట స్కానరు తెస్తున్నాడా అని మాటల్లో రాబట్టండి. తెస్తున్నాడంటే మా మామయ్య బండేసుకుని తిరుపతి వెళ్లాడు, వచ్చే వారం చెయ్యండి అని చెప్పి పెట్టేయండి.